పాలు, పెరుగు, నెయ్యి లేకుండా సంక్రాంతి భోజనం: పదిమందికి వండే పద్ధతి

పండక్కి ఇంటికొచ్చే పదిమందిలో ఒకరో ఇద్దరో పాలు, పెరుగు, నెయ్యి ముట్టనివాళ్ళు ఉంటున్నారు. కొందరికి పాలు పడవు, కొందరు జంతువుల నుంచి వచ్చేదేదీ తినని వీగన్లు. వాళ్ళకోసం రెండు వంటలు విడిగా చేసి పక్కన పెడితే వాళ్ళకు మొహమాటం, మీకు రెట్టింపు చాకిరీ. అందరికీ ఒకే వంట చేసి, ఒకే బంతిలో వడ్డించండి. అది అనుకున్నంత కష్టం కాదు.

ఎందుకంటే మన పండగ విస్తరిలో సగానికి పైగా వంటల్లో పాల చుక్క ఉండదు. పులిహోర, దప్పళం, గుత్తి వంకాయ, చిక్కుడుకాయ కూర, ఆవపెట్టిన కందాబచ్చలి, గారెలు, నూనెలో వేయించిన అరిసెలు, తెలంగాణ సకినాలు, వీటిలో మార్చాల్సింది ఏమీ లేదు. చిక్కంతా మూడుచోట్లే: పప్పులోకి నెయ్యి, తీపిలో పాలు, ఆఖరి ముద్దకు పెరుగు. ఈ మూడింటి సంగతి చూసుకుంటే మిగతాదంతా మామూలు పండగ వంటే. అందుకే ఇక్కడ ఎక్కువ మాట ఆ మూడింటి గురించే.

కొలతలన్నీ పదిమందికి. చెంచా అంటే టీ చెంచా, పెద్ద చెంచా అంటే దానికి మూడింతలు.

సరుకులు తెచ్చేటప్పుడు

ప్యాకెట్ మీద చదరంలో ఆకుపచ్చ చుక్క ఉంటే అది శాకాహారం అనే అర్థం, అందులో పాలు ఉండొచ్చు. వీగన్ గుర్తు వేరు. చదరంలో ఆకుపచ్చ వి అక్షరం, దానికి చిన్న ఆకు ఉంటాయి. 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం దాన్ని వేస్తున్నారు. గుర్తు లేకపోతే వెనక ముద్రించిన దినుసుల పట్టీ చదవండి. మిల్క్ సాలిడ్స్, వే, కేసినేట్, బటర్ ఆయిల్ అని ఉంటే అవన్నీ పాలవే. విదేశాల్లో ఉన్నవాళ్ళు కొబ్బరిపాల పొడి వాడతారు కదా, దాన్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి. కొన్ని రకాల్లో కొవ్వు విడిపోకుండా పాల నుంచి తీసిన సోడియం కేసినేట్ కలుపుతారు. డబ్బాలో వచ్చే చిక్కటి కొబ్బరిపాలకు సాధారణంగా ఆ బాధ ఉండదు.

బయట కొన్న జంతికలు, చెక్కల్లో గుల్లగా రావడానికి వెన్న వేసి ఉండొచ్చు. అడిగి కొనండి. ఇంట్లో చేస్తే వెన్న బదులు కిలో పిండికి 100 మిల్లీలీటర్ల కాగిన నూనె పోసి కలిపితే అంతే గుల్లగా వస్తాయి.

బియ్యం రెండు రకాలు ఉంచుకోండి. సంక్రాంతికి కొత్తబియ్యం ఇంటికొస్తాయి. అవి పాయసానికి చాలా మంచివి, మెత్తగా ఉడికి జిగురొస్తాయి. ఆ జిగురే పులిహోరను ముద్ద చేస్తుంది. పులిహోరకు, అన్నానికి కనీసం ఏడాది పాతబడిన సోనా మసూరి వాడండి.

మూడు రోజుల ముందు: పల్లీల పెరుగు

దీన్నే ముందు మొదలుపెట్టాలి. ఎందుకంటే తొలి తోడు ఎప్పుడూ సరిగ్గా కుదరదు. రెండోసారికే గట్టిగా, కమ్మగా వస్తుంది. పిలిచినవాళ్ళలో పల్లీలు పడనివాళ్ళు ఉన్నారేమో ముందే కనుక్కోండి. ఉంటే ఇదే పద్ధతిలో 200 గ్రాముల జీడిపప్పుతో చేయొచ్చు. పులిహోరలోనూ, గుత్తి వంకాయ కారంలోనూ పల్లీలు ఉంటాయని మరిచిపోకండి. అక్కడ కూడా జీడిపప్పు, నువ్వులతో సరిపెట్టాలి.

పచ్చి పల్లీలు 250 గ్రాములు రాత్రంతా నానబెట్టండి. పొద్దున రెండు చేతులతో పులిమితే పొట్టు ఊడుతుంది, నీళ్ళు పోస్తే పైకి తేలుతుంది. నాలుగైదుసార్లు కడిగి పొట్టంతా తీసేయాలి. ఇక్కడ బద్ధకిస్తే పెరుగు వగరుగా ఉంటుంది. అర లీటరు నీళ్ళతో మెత్తగా రుబ్బి, పలచని గుడ్డలో వడకట్టి పిండండి. పిప్పిలో మరో 300 మిల్లీలీటర్లు పోసి మళ్ళీ రుబ్బి పిండండి. మొత్తం మీద 800 మిల్లీలీటర్లకు అటూఇటూగా చిక్కటి పాలు వస్తాయి. పిప్పి పారేయక్కర్లేదు, కూర కారంలో కలిసిపోతుంది.

ఈ పాలను అడుగు మందంగా ఉన్న గిన్నెలో పోసి, సన్నటి సెగ మీద గరిటె ఆపకుండా తిప్పుతూ కాయండి. ఆవుపాల కంటే త్వరగా అడుగంటుతాయి, నురగ కట్టి చటుక్కున పొంగుతాయి. పొంగొచ్చాక పది నిమిషాలు మరగాలి. పచ్చివాసన పోయేది అప్పుడే. తర్వాత వేలు ముంచితే వెచ్చగా ఉండి, ఓర్చుకోగలిగేంత వరకూ చల్లార్చండి.

తోడుకు పాల పెరుగు వేయకూడదు కాబట్టి పచ్చిమిరపకాయల ముచ్చికలు వాడతారు. పది పచ్చిమిరపకాయల ముచ్చికలు తుంచి, కడిగి, తడి ఆర్చి, పాలలో మునిగేలా వేయండి. వాటి మీద సహజంగా ఉండే సూక్ష్మజీవులే పాలను పులియబెడతాయి. జనవరి చలిలో గిన్నెను దుప్పటిలో చుట్టి గానీ, హాట్‌ప్యాక్‌లో పెట్టి గానీ పన్నెండు గంటలు కదపకుండా ఉంచండి. ముచ్చికలు తీసేయండి. ఇది పలచగా, కాస్త మిరప వాసనతో ఉంటుంది. కంగారు పడకండి, ఇది తోడుకే. భోగి రోజు సాయంత్రం మళ్ళీ 500 గ్రాముల పల్లీలతో తాజాగా పాలు తీసి, కాచి, గోరువెచ్చగా అయ్యాక ఈ పెరుగు మూడు పెద్ద చెంచాలు కలిపి తోడేయండి. తెల్లారేసరికి తోడుకుంటుంది.

పైన నీరు తేరితే పాడైనట్టు కాదు, కలిపేయండి. అసలు తోడుకోకపోతే పాలు మరీ వేడిగా ఉండగా తోడేసి ఉంటారు, లేదా గిన్నె చల్లబడిపోయి ఉంటుంది. రెండో పొరపాటైతే గిన్నెను గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి ఇంకో నాలుగు గంటలు ఉంచొచ్చు. జీడిపాకంలా తీగ సాగినా, గులాబీ రంగో పసుపు మచ్చలో కనిపించినా, కుళ్ళు వాసన వచ్చినా రుచి చూడకుండా పారబోయండి.

ఒక్క సంగతి. ఈ పెరుగును అన్నంలోకి ఉత్తగా వడ్డిస్తే పల్లీ వాసన తెలుస్తుంది. దద్దోజనం చేస్తే తెలియదు. 400 గ్రాముల బియ్యం మెత్తగా వండి, వేడిమీదే మెదిపి, ఆరాక పెరుగు, ఉప్పు కలపండి. నూనెలో ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, సన్నగా తరిగిన అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, దండిగా ఇంగువ వేసి పోపు పెట్టండి. పైన దానిమ్మ గింజలు చల్లండి. అలవాటు లేనివాళ్ళు కూడా రెండోసారి అడిగి వేయించుకునేది ఈ రూపంలోనే.

నెయ్యి గిన్నె చోట ఏం పెట్టాలి

పప్పన్నంలో నెయ్యి చేసే పని రెండు రకాలు. పొడిపొడిగా ఉన్న పప్పును జారేలా చేస్తుంది, ఆవకాయ ఘాటును నాలుక మీద తగ్గిస్తుంది. సన్‌ఫ్లవర్ నూనె పోస్తే మొదటి పని అవుతుంది, రుచి మాత్రం రాదు. దీనికి సరైనది గానుగ నువ్వుల నూనె, పప్పునూనె అని చాలాచోట్ల పిలుచుకునేదే. ఆవకాయ పెట్టింది కూడా ఆ నూనెతోనే కాబట్టి రెండూ ఇట్టే కలిసిపోతాయి. సీసా మూత తీసి వాసన చూడండి. కమ్మగా ఉండాలి, ఏమాత్రం ముక్క వాసన వచ్చినా వాడొద్దు.

120 మిల్లీలీటర్ల నూనెను వేడి చేసి, పొగ రాకముందే పొయ్యి కట్టేయండి. అందులో చెంచాడు జీలకర్ర, పావు చెంచా ఇంగువ, రెండు రెబ్బల కరివేపాకు వేయండి. చిటపటలు ఆగాక వడకట్టకుండా నెయ్యి గిన్నెలో పోయండి. మనిషికి రెండు చెంచాల చొప్పున సరిపోతుంది. గోరువెచ్చగా వడ్డించాలి.

ముద్దపప్పుకు కందిపప్పు 350 గ్రాములు. మంచి వాసన వచ్చేదాకా సన్నసెగ మీద ఐదారు నిమిషాలు వేయించాలి. నెయ్యి లేనప్పుడు ఈ వేయించడం ఇంకా ముఖ్యం, పప్పుకు ఆ కమ్మదనం ఇక్కడే వస్తుంది. కడిగి, లీటరు నీళ్ళు పోసి కుక్కర్లో ఐదు కూతలు రానివ్వండి. పైన మిగిలిన నీళ్ళు చారుకు వంపేసి, ఉప్పు, చిటికెడు పసుపు వేసి పప్పుగుత్తితో మెదపండి.

కొబ్బరిపాల పాయసం

ఆవుపాలలో బెల్లం వేస్తే విరిగే భయం ఎప్పుడూ ఉంటుంది. కొబ్బరిపాలు బెల్లానికి అంత సులువుగా విరగవు, మరిగితే మాత్రం విరుగుతాయి. ఈ ఒక్క తేడా గుర్తుంటే పాయసం చెడదు.

ముదురు కొబ్బరికాయలు రెండు పెద్దవి తీసుకోండి. చెవి దగ్గర ఊపితే నీళ్ళు గలగలమనాలి. లేతకాయ పాలు పలచగా వస్తాయి. చిప్ప వెనక ఉండే గోధుమరంగు పొర చెక్కేస్తే పాయసం తెల్లగా ఉంటుంది, బెల్లం పాయసానికి ఆ శ్రమ అక్కర్లేదు. తురిమి, 300 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్ళతో రుబ్బి గుడ్డలో పిండండి. ఇవి మొదటి పాలు, పక్కన పెట్టండి. అదే పిప్పిలో 700 మిల్లీలీటర్లు పోసి మళ్ళీ రుబ్బి పిండితే రెండో పాలు. నీళ్ళు మరీ వేడిగా ఉంటే మిక్సీ మూత ఎగిరిపడుతుంది, చల్లగా ఉంటే కొవ్వు సరిగ్గా దిగదు.

కొత్తబియ్యం 200 గ్రాములు, కమ్మటి వాసన వచ్చేలా వేయించిన పెసరపప్పు 50 గ్రాములు కడిగి, రెండో పాలు, అర లీటరు నీళ్ళు పోసి మెత్తగా ఉడికించండి. మెతుకు వేళ్ళ మధ్య పూర్తిగా నలగాలి. నలగకముందే బెల్లం వేస్తే ఎంతసేపు ఉంచినా ఇక ఉడకదు, పలుకుగానే ఉండిపోతుంది. పాయసం చెడే ఇళ్ళలో చాలావరకు జరిగేది ఇదే.

బెల్లం 300 గ్రాములు అర గ్లాసు నీళ్ళలో కరిగించి, ఇసుక లేకుండా వడకట్టి ఉడికిన అన్నంలో పోయండి. సన్నసెగ మీద ఐదు నిమిషాలు కలుపుతూ ఉంచి పొయ్యి కట్టేయండి. పది నిమిషాలు ఆగండి. అప్పుడు మొదటి పాలు సన్నని ధారగా పోస్తూ కలపండి. మళ్ళీ పొయ్యి ఎక్కించొద్దు. మొదటి పాలు కుతకుతలాడితే కొవ్వు విడిపోయి పైన నూనె మరకలు, కింద నీళ్ళు మిగులుతాయి. ఒకవేళ అలా అయితే రెండు చెంచాల బియ్యప్పిండిని కాసిన్ని చల్లటి నీళ్ళలో కలిపి పోసి, సన్నసెగ మీద రెండు నిమిషాలు తిప్పండి. రూపు కొంత తిరిగి వస్తుంది, రుచికేం లోటుండదు.

ఆరు యాలకుల పొడి, ఆవగింజంత పచ్చకర్పూరం వేయండి. పచ్చకర్పూరం ఎక్కువైతే చేదెక్కుతుంది. రెండు పెద్ద చెంచాల కొబ్బరినూనెలో జీడిపప్పు, సన్నటి కొబ్బరి ముక్కలు ఎర్రగా వేయించి నూనెతో సహా కలపండి. నెయ్యి వాసన లేదే అనే వెలితి ఆ వేగిన కొబ్బరి వాసనతో తీరుతుంది. పాయసం ఆరేకొద్దీ గట్టిపడుతుంది, కాబట్టి దించేటప్పుడు మీకు కావాల్సినదానికంటే పలచగా ఉండనివ్వండి.

బొబ్బట్లు కూడా చేయాలనుకుంటే సులువే. పూర్ణం ఎప్పటిలాగే, శనగపప్పు 250 గ్రాములకు బెల్లం 250 గ్రాములు. తోపు పిండిని నువ్వుల నూనెలో కాకుండా పల్లీ నూనెలో రెండు గంటలు నానబెట్టండి. వేయించిన నువ్వులు రెండు పెద్ద చెంచాలు పొడి కొట్టి పూర్ణంలో కలిపితే నెయ్యి లేని లోటు తెలియదు. కన్నడ నాట హోళిగెలోకి కొబ్బరిపాలు పోసుకుంటారు, పైన నెయ్యి వేసుకునే అలవాటు ఉన్నవాళ్ళకు ఆ పద్ధతి నచ్చుతుంది.

పులిహోర

బియ్యం 500 గ్రాములు, ఒకటికి రెండు కంటే కొంచెం తక్కువ నీళ్ళతో పలుకుగా వండండి. వెడల్పాటి పళ్ళెంలో పరిచి, వేడిగా ఉండగానే ముప్పావు చెంచా పసుపు, రెండు రెబ్బల పచ్చి కరివేపాకు, రెండు పెద్ద చెంచాల నూనె వేసి ఆరబెట్టండి.

పాత చింతపండు 75 గ్రాములు వేడినీళ్ళలో నానబెట్టి చిక్కటి గుజ్జు తీయండి. బాణలిలో నాలుగు పెద్ద చెంచాల నూనె కాచి, చీల్చిన పచ్చిమిర్చి ఎనిమిది, గుజ్జు, మూడున్నర చెంచాల ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేసి నూనె పైకి తేలేదాకా ఉడికించండి. పావుగంట పైనే పడుతుంది. తొందరపడి దించితే పచ్చి పులుపు పట్టుకుంటుంది. పోపులో శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, విడిగా వేయించిన పల్లీలు 60 గ్రాములు.

గోదావరి జిల్లాల పద్ధతిలో ఆవ పెట్టాలంటే రెండు చెంచాల ఆవాలను పది నిమిషాలు నానబెట్టి, చిటికెడు ఉప్పుతో కొద్దిపాటి చల్లటి నీళ్ళు చల్లుతూ నూరండి. ఆవల ఘాటు నీళ్ళు తగిలాకే పుడుతుంది, వేడి తగిలితే చచ్చిపోతుంది. అందుకే అన్నం పూర్తిగా ఆరాకే కలపాలి. మిక్సీలో అదేపనిగా తిప్పితే వేడెక్కి చేదొస్తుంది, రోలుంటే రోట్లోనే నూరండి. కలిపాక రెండు గంటలు ఊరితేనే పులిహోర.

గారెలు

కనుమ నాడు మినుము తినాలన్న మాట ఊరికే పోకుండా గారెలు ఉండాల్సిందే. పెరుగు గారెల జోలికి పోకుండా వేడివేడిగా అల్లం పచ్చడితో పెట్టండి.

పొట్టు తీసిన మినప్పప్పు 500 గ్రాములు నాలుగు గంటలు నానితే చాలు. రాత్రంతా నానితే పప్పు నీళ్ళు పీల్చి గారె నూనె తాగుతుంది. నీళ్ళు పూర్తిగా వార్చి, చల్లటి నీళ్ళు చిలకరిస్తూ గట్టిగా రుబ్బండి. మొత్తం ముప్పావు గ్లాసు దాటకూడదు. గిన్నెలోకి తీసి, చేత్తో ఒకేవైపు మూడు నిమిషాలు గిలక్కొట్టండి. నీళ్ళ గ్లాసులో చిన్న ఉండ వేస్తే తేలాలి. మునిగితే ఇంకా కొట్టాలి. ఉప్పు, అల్లం, మిర్చి వేయించే ముందే కలపండి, ముందే ఉప్పు పడితే పిండి జారుతుంది.

పిండి జారిందా? రెండు పెద్ద చెంచాల బియ్యప్పిండి కలపండి. అంతకు మించితే గారె గట్టిపడుతుంది. నూనెలో వేసిన పిండి చుక్క రెండు క్షణాల్లో పైకి రావాలి. నూనె కాగకపోతే తాగేస్తుంది, మరీ కాగితే పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉంటుంది. మధ్యలో చిల్లు పెట్టేది లోపలిదాకా సెగ తగలడానికే. గారె పేలడానికి కారణం నలగని పప్పు, లోపల చిక్కిన గాలి. చేతి తడి నూనెలో పడకుండా చూసుకోండి.

కూర, పులుసు

గుత్తి వంకాయకు నున్నటి చిన్న వంకాయలు కిలో. నాలుగు పక్షాలుగా కోసి వెంటనే ఉప్పునీళ్ళలో వేయండి. వేయించిన పల్లీలు 100 గ్రాములు, నువ్వులు 50, ఎండుకొబ్బరి 50, ధనియాలు మూడు పెద్ద చెంచాలు, జీలకర్ర, ఎండుమిర్చి పన్నెండు, నిమ్మకాయంత చింతపండు, ఉప్పు కలిపి ముద్దగా నూరి కూరండి. 100 మిల్లీలీటర్ల నూనెలో మూతపెట్టి, సన్నసెగ మీద అరగంట మగ్గనివ్వండి. గరిటెతో కాకుండా గిన్నె పట్టుకుని కుదిపితే కాయలు విడిపోవు.

దప్పళానికి గుమ్మడికాయ, చిలగడదుంప, సొరకాయ, ములక్కాడ, బెండకాయ కలిపి కిలో. గట్టి ముక్కలు ముందు, బెండ, గుమ్మడి ఆఖరున. 60 గ్రాముల చింతపండు పులుసు, బెల్లం 50 గ్రాములు, చిక్కదనానికి రెండు చెంచాల బియ్యప్పిండి. ఇది పొద్దున్నే చేసి పక్కన పెట్టేయండి, ఊరేకొద్దీ రుచి.

పండగ రోజు వరస

ఒంటిగంటకు విస్తళ్ళు వేయాలంటే ఆరింటికి మినప్పప్పు నానాలి, పులిహోర అన్నం వార్చాలి. ఏడింటికి దప్పళం, ఎనిమిదింటికి గుత్తి వంకాయ. పదింటికల్లా పులిహోర కలపడం అయిపోవాలి. పదిన్నరకు పిండి రుబ్బండి, పదకొండుకు పప్పు. పాయసం పదకొండున్నరకు మొదలుపెట్టాలి, ముందే చేస్తే మొదటి పాలు పులుస్తాయి. గారెలు జనం కూర్చున్నాకే.

వంట మొదలెట్టే ముందు పెనాలు, గరిటెలు నెయ్యి జిడ్డు లేకుండా వేడినీళ్ళతో తోమండి. పాలు పడక ఇబ్బంది పడేవాళ్ళలో కొందరికి ఆ కొంచెం కూడా చాలు. వడ్డించేవాళ్ళకు కూడా చెప్పి ఉంచండి. ఎవరో అలవాటుకొద్దీ లోపల్నుంచి నెయ్యి గిన్నె తెచ్చి పప్పు మీద వేసేస్తారు, పొద్దుట్నుంచి పడ్డ శ్రమంతా అక్కడితో సరి.

మిగిలితే పాయసం సాయంత్రంలోగా తినేయాలి, ఫ్రిజ్‌లో పెడితే మర్నాటి దాకా. పులిహోర చలికాలంలో మర్నాడు పొద్దుటి టిఫిన్‌కు బాగుంటుంది, దప్పళం ఇంకా బాగుంటుంది. పల్లీ పెరుగు గిన్నె కడగబోయే ముందు మూడు చెంచాలు తీసి చిన్న గాజు సీసాలో, ఫ్రిజ్‌లో దాచండి. వారం లోపు మళ్ళీ తోడేసుకుంటే ముచ్చికల అవసరం ఉండదు.